పదిహేడో అలవాటు

మా ఆయనకు ‘మనం’ అనే మాట మీద వల్లమాలిన ప్రేమ. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నన్ను అంత ప్రేమగా పిలిచి ఎరుగరు. ఆ మాట మా ఇంట్లోకి కిందటేడు ఫోనులోంచి వచ్చింది.

ఆయన లైబ్రరీలో గుమాస్తా. చదివేవాళ్ళు తగ్గిపోయి బోలెడు తీరిక. ఆ తీరికలో ‘పచ్చని ఇల్లు’ అనే వెబ్‌సైటు పట్టుకున్నారు. భూమిని కాపాడాలంటే ఇంట్లో పాటించాల్సిన అలవాట్లు నలభై అట, ఒక్కోదానికి ఇన్నేసి మార్కులట. పాటించామని ఫోనులో నొక్కితే పక్కన ఒక ఆకు మొలుస్తుంది. ఆ నలభైనీ ఆఫీసులో ప్రింటు తీసి తెచ్చి, వంటింటి తలుపుకు అంటించారు. వంటింటికే ఎందుకంటారా? నేనుండేది అక్కడే కదా!

“ఇవాళ్టినుంచి మనం ప్లాస్టిక్ సంచులు వాడం. గుడ్డసంచులు ఉతుక్కుని వాడతాం” అన్నారు. ఉతికేది నేను. “మనం తడిచెత్త, పొడిచెత్త వేరు చేస్తాం” అన్నారు. ముక్కు మూసుకుని ఏరేది నేను. కూరగాయలు కడిగిన నీళ్ళు మనం మొక్కలకు పోస్తామట. బకెట్లు మోసేదీ నేనే. నొక్కేది మాత్రం ఆయన, ఆకులు మొలిచేది ఆయన ఫోనులో. సొమ్మొకడిది, సోకొకడిది.

అబద్ధమెందుకు, ఆ అలవాట్లలో తప్పేం లేదు. మా అమ్మ ఏ వెబ్‌సైటూ చెప్పకుండానే అవన్నీ చేసింది. అప్పట్లో వాటిని పేదరికం అనేవాళ్ళు, మార్కులు వేసేవాళ్ళు కాదు.

గొడవంతా ముప్పై ఒకటో అలవాటుతో వచ్చింది. ‘బట్టలు చేత్తో ఉతకండి. పది మార్కులు.’ మిగతావన్నీ ఒకటి, రెండు మార్కులవి. ఈ పది ఆయన కంట్లో పడింది.

మా ఇంట్లో వాషింగ్ మెషీన్ ఉండేది. నేను బొత్తాల కాజాలు కుట్టి కొన్నది. వీధి మలుపులో కోట్లు కుట్టే మాస్టారి దగ్గర పదకొండేళ్ళుగా నాది అదే పని. కుట్టుమిషన్ మీద వేసిన కాజా చూడగానే తెలిసిపోతుంది. చేతికాజా వేరు. కత్తిరించిన అంచులో ఒక్క పోగు జారకూడదు, ప్రతి ముడీ పక్క ముడిని ఆనుకుని కూర్చోవాలి. “ఇవి అమ్మగారి కాజాలండీ” అని మాస్టారు కొట్టుకు వచ్చినవాళ్ళకు వేలు పెట్టి చూపించేవాడు. ఈ లోకంలో ఇది నాది అని చూపించుకోవడానికి నాకున్నది ఆ ఒక్క పనే. ఒకసారి కుడి మణికట్టు వాచిపోతే డాక్టరమ్మ ఖరాఖండిగా చెప్పింది, “బట్టలు పిండకూడదమ్మా. పిండావంటే ఇక సూది పట్టుకోలేవు” అని. ఆ మాట ఆయన నా పక్కనే కూర్చుని విన్నారు. అందుకే ఆ మెషీన్ కొన్నాను.

ఒకరోజు కొట్టునుంచి వచ్చేసరికి స్నానాల గది పక్కన నలుచదరంగా ఖాళీ కనిపించింది.

“మెషీన్ ఏదండీ?”

“చెల్లాయికి ఇచ్చేశాను. ఇక మనం చేత్తోనే ఉతుక్కుందాం.”

“మరి నా చెయ్యో?”

“సాయంగా ఓ చెయ్యి వేస్తానుగా!”

వేశారు, నాలుగు రోజులు. అయిదో రోజు నడుం పట్టేసింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని విన్నాను గానీ, పెళ్ళాం మెషీన్ మొగుడు దానం చెయ్యడం మా ఇంట్లోనే చూశాను. మా ఆడబిడ్డ ఫోన్ చేసి, “వదినా, ఎంత హాయిగా ఉందో! దుప్పట్లు కూడా దాంట్లోనే పడేస్తున్నా” అంది.

“మీ చెల్లెలింట్లో తిరిగితే అది కరెంటు కాదా?” అని అడిగాను.

“అది వాళ్ళ మార్కుల్లో పోతుంది. మన మార్కుల్లో కాదు” అన్నారు, చిన్నపిల్లకు చెప్పినట్టు.

ఉతక్కుండా ఊరుకోవచ్చుగా అంటారు మీరు. మాసిన బట్టలు కుప్పపడితే ఇంటికొచ్చినవాళ్ళు చూసేది ఆయన మొహం కాదు, నా మొహం.

మూడు నెలలకు వేళ్ళు మొద్దుబారాయి. మాస్టారు ఒక బూడిదరంగు కోటు నా ముందు పరిచాడు.

“అమ్మా, ఇవి మీరే కుట్టారా?”

చూస్తే ముడుల మధ్య సందులు, పళ్ళూడిన నోళ్ళలా. “విప్పి మళ్ళీ కుడతాను మాస్టారూ.”

“విప్పితే గుడ్డ చిరుగుతుంది. మీకు తెలియనిదేముంది?” అని కోటు మడిచేశాడు. “చెయ్యి బాగయ్యాక రండమ్మా.” తిట్టినా బాగుండేది. జాలిపడ్డాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా, అదే వారం ‘పచ్చని ఇల్లు’లో మాకు మొదటి స్థానం వచ్చింది. ఆ సైటు నడిపే ఆవిడ వీడియో కాల్ చేసి మాట్లాడింది.

“వాషింగ్ మెషీన్ కూడా లేదటగా! ఎలా సాధించారండీ?”

“పట్టుదలండీ. నేను ఒకటి అనుకున్నానంటే అంతే” అన్నారు ఈయన.

నేను! ఏడాదిలో మొదటిసారి ఆ మాట ఆయన నోట విన్నాను. పనికి మనం, పేరుకు నేను. ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి ఫోను ముందు నిలబడి, పట్టీ కట్టిన చెయ్యి ఎత్తి చూపించాను.

“మెషీన్ ఉందండీ. ఇదిగో, ఇదే. ఉతికి ఉతికి పాడైపోయింది. పదిహేడో అలవాటులో ‘పారేయకండి, బాగుచేయించుకోండి’ అని రాశారు కదా. దీన్నెక్కడ బాగుచేస్తారో కూడా రాశారా?”

ఆవిడ పకపకా నవ్వింది. “మేడమ్ భలే చమత్కారులండీ!” అని, చమత్కారానికి విడిగా అయిదు మార్కులు వేసింది.

“హడలి చచ్చాననుకో! పోనీలే, మనకు కలిసొచ్చింది” అన్నారు ఈయన, ఫోను పెట్టేశాక.

బహుమతి ఇచ్చే రోజు పొద్దున్నే చొక్కా పట్టుకుని వచ్చారు. మెడ కింది బొత్తాం ఊడింది.

“కాస్త కుట్టిపెట్టు, టైమైపోతోంది.”

మొండికెయ్యలేదు. నిజంగానే కుడదామని సూది తీసుకున్నాను. బొటనవేలు చూపుడువేలిని అందుకోలేదు. సూది రెండుసార్లు ఒళ్ళోకి జారింది, మూడోసారి నేలమీద పడింది. పదకొండేళ్ళు కోట్లకు కాజాలు కుట్టిన చెయ్యి. ఒక్క బొత్తాం కుట్టలేకపోయింది. ఏడుపు ఆగలేదు.

“నావల్ల కావడంలేదండీ.”

ఆయన నా చేతివంక చూశారు. గోడమీది గడియారం చూసుకున్నారు.

“సరేలే, దారిలో కొత్తది కొనుక్కుంటాను” అని, ఆ చొక్కా పొడిచెత్త బుట్టలో పడేసి వెళ్ళారు.