సాంచాల మధ్య మాట

మా తమ్ముడు బుచ్చిరాములు సాంచాల షెడ్డులో పనిచేసేవాడు. పవర్‌లూములను వరంగల్ కొత్తవాడలో సాంచాలనే అంటాం. అవన్నీ ఒక్కసారి ఆడుతుంటే పక్కన నిలబడి అరిచినా వినిపించదు. అందుకే అక్కడ ఎవరూ గొంతు ఖర్చు చేయరు. చప్పుడు లేకుండా పెదవులు మెల్లగా కదిపి, చేత్తో సైగ చేసి మాట్లాడుకుంటారు. పోగు తెగిందని చెప్పడం, ఛాయ్‌కి పిలవడం, పక్కవాడి మీద చాడీలు, అన్నీ అలాగే. ఇంటికొచ్చినా ఆ అలవాటు పోదు. మా ఇంట్లో సగం సంసారం పెదవుల మీదే నడిచేది. మొగుడు పోయి పుట్టింటికి చేరిన నాకూ అది తొందరగానే పట్టుబడింది.

ఆ అలవాటే మా మరదలు విమలమ్మ కొంప ముంచింది.

చిన్నప్పుడు జ్వరమొచ్చి విమలకు ఎడమ చెవి పోయింది. కుడి చెవి ఏళ్ల తరబడి కారుతూనే ఉంది. వెల్లుల్లి వేసి కాచిన నూనె చుక్కలు, దాని మీద ఇంత దూది, అంతే వైద్యం. దూదికి మా వాడలో కరువా? చెవిలో దూది లేని మనిషే షెడ్డులో ఉండడు. ఆమె పక్కన కూర్చుంటే కుళ్ళు వాసన వేసేది. పడుగులకు పట్టించే గంజి పులిసిందనుకునేవాళ్ళం. ఆ వాసన లేని ఇల్లు మా వాడలో ఉంటే కదా! ఈమధ్య లేస్తే కళ్ళు తిరుగుతున్నాయంటే, పిల్లకు పాలిస్తోంది కదా, నీరసమనుకున్నాం.

ఎనభై నాలుగు ఎండాకాలంలో ఒక పొద్దున విమల నల్లా దగ్గర నోరు పుక్కిలిస్తుంటే నీళ్ళు కుడివైపు నుంచి జారిపోయాయి. చూస్తే మూతి ఎడమకు లాగేసింది, కుడి కన్ను మూతపడటం లేదు. గాలి సోకిందని వాడంతా తీర్మానించింది. ఎదురింటి రాయమల్లు ములుగు అడవిలోంచి పసరు తెప్పిస్తానన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"నీ పసరు నువ్వే రాసుకో పో!" అని కసిరి, మొగుడూ పెళ్ళాలను రిక్షా ఎక్కించి, ఏడాది నిండని పద్మను ఎత్తుకుని నేనూ ఎక్కాను.

పెద్ద దవాఖానలో చెవి డాక్టరు సారంగపాణి విమలను కూర్చోబెట్టి, చేతులు కడుక్కోవడానికి అటు తిరిగాడు. అటు తిరిగే, "మీది ఏ వాడమ్మా?" అని అడిగాడు. విమల పలకలేదు. ఇంకా గట్టిగా అడిగాడు. ఆమె పిల్ల జుట్టు సర్దుతూ కూర్చుంది.

బుచ్చిరాములు మొహం పాలిపోయింది. "ఇంట్ల మంచిగనే మాట్లాడుతది సార్. ఎడమ చెవే వోయిందనుకున్నం, కుడిది గూడ అని ఎన్నడనుకోలె."

"మీ మొహాలు చూసి మాట్లాడుతోందయ్యా. మీ ఇంట్లో అందరూ పెదవులతో మాట్లాడతారేమో, మీకు తెలియలేదు," అన్నాడాయన.

చెవిలోకి వెలుతురు వేసి చాలాసేపు చూశాడు. ఎక్స్‌రే తీయించాడు. ఆ రోగం పేరు కొలెస్టియటోమా అన్నాడు. మాకు నోరు తిరగలేదు. అప్పుడు తన ముంజేతి మీద గీకి చూపించాడు. "ఇట్లా తోలు పొట్టు రాలుతుంది కదా? ఈమెకు కర్ణభేరి వెనకాల తోలు పెరిగింది. అక్కడ రాలిన పొట్టుకు బయటికి దారిలేదు. ఉండ కట్టి, చుట్టూ ఉన్న ఎముకలను తినేస్తోంది. క్యాన్సర్ కాదు. కానీ ముఖం నరం దాకా వచ్చింది. దాని పైన మెదడే."

"మందులతోని పోదా సార్?" అన్నాడు మావాడు.

"పోదు. చెవి వెనక కోసి, పాడైన ఎముక తీసేసి, మొత్తం శుభ్రం చేయాలి."

విమల ఆయన పెదవులనే చూస్తోంది. "చేసినంక ఇనవడుతదా సార్?"

"చెప్పలేనమ్మా. ఇప్పుడున్న కొంచెం కూడా పోవచ్చు. ముందు ప్రాణం, తర్వాతే వినికిడి."

ఆమె పద్మను ఒడిలోకి లాక్కుంది. "నా బిడ్డకింకా మాట రాలె సార్. ఒక్కపారి అమ్మ అన్నది ఇని వస్త. గప్పుడు కోసుకోండ్రి."

వరండాలోకి వచ్చాం. మా తమ్ముడు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. చుట్టూ జనం. అంతమందిలో ఏడవలేక, పెళ్ళాం మొహం తన వైపు తిప్పుకుని, గొంతు లేకుండా పెదవులు కదిపాడు. "బిడ్డకు నువ్వు గావాలె. నీ చెవు గాదు." నాకు కాని మాట నేను చదివేశాను. ఆపుకోలేక వెక్కివెక్కి ఏడ్చాను. విమల మాత్రం ఏడవలేదు. తిరిగి డాక్టరు గదిలోకి నడిచింది.

ఆపరేషన్ అయింది. ముఖం కొన్ని నెలలకు దారికొచ్చింది. చెవి ఎండింది, ఆ వాసన పోయింది. చెవిలోకి నీళ్ళు పోనివ్వొద్దనీ, అది మళ్ళీ పెరగొచ్చు కాబట్టి చూపించుకుంటూ ఉండాలనీ డాక్టరు గట్టిగా చెప్పాడు. వినికిడి మాత్రం పూర్తిగా పోయింది.

రోజూ నన్ను అడిగేది. "పిల్ల ఏమన్న అన్నదా వదినె?" పద్మ మొదట 'అత్త' అంది. ఆ మాట చెప్పడానికి నాకు ప్రాణం ఒప్పలేదు. తర్వాత 'అమ్మ' కూడా వచ్చింది, కానీ ఏం లాభం? తల్లి వీపు వెనక నిలబడి గొంతు చించుకునేది, తల్లి తిరిగి చూసేది కాదు. పిల్ల కోపంతో కింద పడి పొర్లేది. నాకు దేవుడి మీద కోపమొచ్చేది.

వానలు పడుతున్న ఒక మధ్యాహ్నం విమల బియ్యం ఏరుతోంది. పద్మ తప్పటడుగులతో వచ్చి, ఆమె భుజం పట్టుకుని ముందుకు తిరిగింది. రెండు చేతులతో తల్లి బుగ్గలు పట్టి మొహం తన వైపు తిప్పుకుంది, అచ్చం తండ్రిలాగే. పెదవులు కలిపి, విప్పింది. నేను అంత దగ్గరే కూర్చున్నాను. నాకు చిన్న చప్పుడైనా వినిపించలేదు.

విమల చేతిలోని చేట కిందికి జారింది.

"వదినె," అంది, "ఇనవడ్డది."