ఆయన భుజానికి సరిపోయే స్టాండు

కెమెరా స్టాండు కొనడానికి దుకాణానికి వచ్చిన ఆ మొగుడూ పెళ్లాలు ఇద్దరూ ఒకే వస్తువు కోసం వెతుకుతున్నట్టు కనిపించారు గానీ, ఆయన ఆవిడ భుజానికి సరిపోయేది చూస్తున్నాడు, ఆవిడ ఆయన భుజానికి సరిపోయేది చూస్తోంది.

ఆయన ఫోటోగ్రాఫరు. ఇప్పటికీ ఫిల్మే. తెలతెలవారుతుండగా కొండెక్కి, ఆ మసక వెలుతురులో షట్టరు చాలాసేపు తెరిచి ఉంచి తీసే ఫోటోలు. కెమెరా వెంట్రుకవాసి కదిలినా ఆ ఫోటో దండగే. పెళ్లయిన కొత్తల్లోంచీ ఇనప స్టాండు మోసేది ఆవిడే, రాళ్ల మీద నిలబెట్టేది ఆవిడే. ఆయన వచ్చి కన్ను పెట్టేవాడు. అంత పేరున్న మనిషికి స్టాండు కాళ్లు విప్పడం కూడా రాదంటే ఎవరు నమ్ముతారు!

ఇప్పుడు ఆవిడ గుండె మొరాయించింది. కొండల మాటే ఎత్తొద్దని డాక్టరు తెగేసి చెప్పాడు. ఆవిడ మాత్రం ఇంట్లో, "బరువులు మొయ్యొద్దన్నాడు" అని ఊరుకుంది. ఉన్నదున్నట్టు చెబితే ఆయన కెమెరా అటకెక్కించేస్తాడని ఆవిడ భయం.

"ఇదిగో, ఇది చూడు! బరువే లేదు. నీకు హాయి" అంటూ ఆయన సన్నకాళ్ల స్టాండొకటి తెచ్చాడు.

కుర్చీలో కూర్చున్న ఆవిడ దాని నెత్తిన వేలితో తట్టింది. అది గడగడలాడింది. "గాలొస్తే మీకంటే ముందు ఇదే కొండ దిగుతుంది" అంది. షాపతను నవ్వాడు.

అతను నల్లటి కార్బన్ కాళ్లది ఇంకోటి తెచ్చాడు. అదీ తేలికే. తట్టి చూస్తే ఉలకలేదు, పలకలేదు. ఆవిడ లేచి దాన్ని ఆయన భుజాన పెట్టి, మెడ దగ్గర ఒరుసుకుంటుందేమోనని వేళ్లు దూర్చి చూసింది.

"నాకెందుకే? మోసేది నువ్వు కదా!"

"ముందు కాళ్లు విప్పండి, చూద్దాం" అని మళ్లీ కూర్చుంది.

ఆయన అడుగున ఉన్న సన్న గొట్టాలు ముందు లాగాడు. స్టాండు పక్కకి ఒరిగింది. షాపతను సాయానికి రాబోయాడు.

"వద్దు బాబూ, కొండ మీద మీరుండరు" అంది ఆవిడ. తర్వాత ఆయన వైపు తిరిగి, "నేనూ ఉండనండీ" అంది.

ఆయన చెయ్యి ఆగిపోయింది. "డాక్టరేమన్నాడు? నిజం చెప్పు."

చెప్పింది.

"అయితే నేనూ వెళ్లను. అంతే!"

"నా మూలంగా మీ కెమెరా మూలపడితే నేను తట్టుకోలేను. మీతో రాలేనన్న బాధ నాకు లేదనుకుంటున్నారా? అయినా మీరు వెళ్లాలి. తెచ్చిన ఫోటోలు నాకు చూపించాలి" అంది ఆవిడ కోపంగా.

షాపతను లోపలికి వెళ్లిపోయాడు. ఆయన స్టాండుని నేల మీద పడుకోబెట్టి, మోకాళ్లు పట్టుకుని మెల్లగా పక్కనే కూర్చున్నాడు.

"ముందు ఏ గొట్టం లాగాలి?" అని తలెత్తకుండా అడిగాడు.

"పైన ఉన్న లావుది" అంది ఆవిడ. తనే విప్పి చూపించాలని లేవబోయి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కుర్చీలోనే ఉండిపోయింది.