పసుపు కోసం ఆగిన కంప్యూటర్

2007 జూన్‌లో ఎర్రగుట్టపల్లె రైతు సహకార సంఘానికి కొత్త కంప్యూటర్ వచ్చింది. విత్తనం సెనక్కాయల టోకెన్లు ఇకమీదట కంప్యూటర్‌లోనే కొట్టివ్వాలని పైనుంచి ఉత్తరం కూడా వచ్చింది. తీరా చూస్తే కంప్యూటర్‌లో దాన్ని నడిపించే ఓఎస్ లేదు. సంఘం సెక్రటరీ ఓబుళేశు మైదుకూరు బస్టాండు పక్కన రిపేరు షాపు నడిపే తనూజను పిలిపించాడు.

తనూజ కడపలో కంప్యూటర్స్ డిగ్రీ చేసింది. అప్పుడప్పుడే కొత్తరకం హార్డ్ డిస్కులు వస్తున్న రోజులవి. పాత ఇన్‌స్టాలేషన్ సీడీలకు అవి ఆనేవి కావు. డిస్కు ఎదురుగా ఉన్నా లేదని చెప్పి ఆగిపోయేవి. అందుకని ఆమె ఉచితంగా దొరికే ఒక ఓఎస్ తీసుకుని, కొత్త డిస్కులను గుర్తుపట్టే డ్రైవర్లు చేర్చి, సొంతంగా ఒక సీడీ తయారు చేసింది. మధ్యమధ్య అది అడిగే ప్రశ్నలన్నిటికీ జవాబులు కూడా సీడీలోనే రాసిపెట్టింది. పదకొండు సీడీలు చెడిపోయాక పన్నెండోది పనిచేసింది. దాన్ని మొట్టమొదట మైదుకూరులో పసుపు, విత్తనాల వ్యాపారం చేసే నాగేశ్వరయ్య శెట్టి కంప్యూటర్‌లో ఎక్కించింది. దానికే ఇంకో కాపీ తీసి, అందులో హార్డ్ డిస్కుకు పెట్టే పేరు మాత్రం ‘సంఘం’ అని మార్చి, ఎర్రగుట్టపల్లెకు వచ్చింది. ఇన్‌స్టాల్ అంతా సాఫీగా జరిగింది. ఆఖరి బస్సుకు టైమైందని, రీస్టార్ట్ నొక్కి వెళ్లిపోయింది.

మరునాడు పొద్దున్నే ఓబుళేశు ఫోను చేశాడు.

“ఏమ్మా తనూజా, నీ కంప్యూటర్ పసుపు అడుగుతాండాది.”

“పసుపా సార్?”

“అవునమ్మా. వెయిటింగ్ ఫర్ పసుపు అని తెర మీద రాసిండాది. పెట్టినాం. అయినా లేయల్యా. కస్తూరి పసుపు ఏమన్నా కావాల్నా?”

తనూజకు విషయం అర్థమైంది. శెట్టి అంగడిలో ఆ డిస్కుకు సరదాగా ‘పసుపు’ అని పేరు పెట్టింది. డిస్కు పేరైతే మార్చింది గానీ, ఏ డిస్కు నుంచి లేవాలో చెప్పే బూట్ లైనులో మార్చడం మరిచిపోయింది. సంఘం కంప్యూటర్ తనలో లేని పసుపు కోసం రాత్రి నుంచీ ఎదురు చూస్తోంది.

“యాడ పెట్టినారు సార్ పసుపు?”

“నాలుగు మూలలా పెట్టినాం. బొట్టు గూడా పెట్టినాం.”

“లోపలేం పెట్టలేదు కదా?”

ఓబుళేశు గొంతు తగ్గించాడు. “అదే పళ్లెం బయటికి జాపినాది గదమ్మా, దాంట్లో రోంత పెట్టినాం. పెట్టంగానే లోపలికి తీసుకున్యాది” అన్నాడు.

అది సీడీ పెట్టే ట్రే. తనూజ తన షాపులోని సీడీ డ్రైవు ఒకటి ఊడదీసి సంచిలో వేసుకుని బస్సెక్కింది.

సంఘం ముందు అప్పటికే నూరు మంది దాకా రైతులు వరుసలో నిలబడి ఉన్నారు. రెండు రోజుల కిందట ఒక పదును వాన పడింది. నేల ఆరకముందే విత్తనం పడాలి. వరుసలో ముందున్న తిమ్మయ్య తలపాగా విప్పి దులుపుకుంటూ, “ఏం పాపా, ఇంగా పసుపు చాల్లేదంటనా? మా ఇంట్లో కొమ్ములుండాయి, తెప్పిస్తా” అన్నాడు. అతడు ఎగతాళి చేయడం లేదని ముఖం చూస్తే తెలిసింది. ఆమెకు సిగ్గేసింది.

లోపల ఆఫీసు ఊడ్చే జీవమ్మ కంప్యూటర్ పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉంది. పసుపు తెచ్చి పెట్టింది ఆమే. “నేను తక్కువ పెట్టినానేమో అని రాత్రి నిద్ర పట్టల్యామ్మా” అంది.

“నీ తప్పేం లేదక్కా, నాదే” అని తనూజ పసుపు పడిన సీడీ డ్రైవు తీసి, తను తెచ్చింది బిగించి, బూట్ లైను దిద్దింది. కంప్యూటర్ లేచింది. ఆకుపచ్చ తెర మీద పెద్ద అక్షరాలతో ‘స్వాగతం నాగేశ్వరయ్య’ అని కనిపించింది.

ఓబుళేశు గభాలున లేచి కిటికీ మూశాడు. “ఏమ్మా ఇది? విత్తనాలమ్మే శెట్టి పేరు సంఘం కంప్యూటర్‌లో ఉంటే, మేం సంఘాన్ని ఆయనకు అమ్ముకున్యామంటారు గదా!”

ముయ్యడానికి ముందే తిమ్మయ్య చూశాడు. వార్త వరుస చివరిదాకా పోయింది. మధ్యాహ్నానికి అది మైదుకూరు కూడా చేరి, నాగేశ్వరయ్య శెట్టే మోటారు సైకిలు మీద వచ్చాడు. కోపంగా వచ్చాడనుకున్నారు. ఆయన కంప్యూటర్ ముందు నిలబడి తన పేరు రెండు మూడు సార్లు చదువుకున్నాడు.

“ఉంటే ఉండనీలేప్పా, బాగానే ఉండాది” అన్నాడు.

ఓబుళేశు ఆయనకు దండం పెట్టి పంపించాడు. తనూజ తను రాసిపెట్టిన జవాబుల్లోంచి ఆ పేరు తీసేసి, సీడీ మళ్లీ రాసి, మొదటినుంచి ఎక్కించింది. ఈసారి కంప్యూటర్ సగంలో ఆగి, ‘వాడేవారి పేరు?’ అని అడిగింది. పేరు రాయకుండా ముందుకు పోదు.

“మీ పేరు రాస్తా సార్.”

“నా పేరా?” ఓబుళేశు కుర్చీ వెనక్కి జరిపాడు. “రేపు ఒక టోకెను తక్కువొస్తే ఎవర్ని అడుగుతారు? పేరుండేవాణ్ణి.”

“సంఘం అని రాద్దాం.”

“మనిషి పేరు అడుగుతాంటే సంఘం పేరు ఎట్ల రాస్తావమ్మా? తప్పుడు సమాచారమైతాది.”

“పోనీ, నా పేరు?”

“నువ్వు బయట మనిషివి. ప్రెసిడెంటు మహానంది గుడికి పోయినాడు. ఆయనొస్తే తీర్మానం చేసి, ఎవరి పేరో చెప్తాం.”

ప్రెసిడెంటు మరునాడు కూడా రాలేదు. తమ పేరు ఎక్కడ రాస్తారోనని సంఘం గుమాస్తాలిద్దరూ సెలవు చీటీ రాసి పెట్టారు. కంప్యూటర్ మాత్రం పేరు అడుగుతూనే ఉంది. బయట వరుసలో మనుషులకు బదులు చెప్పులు, సంచులు మిగిలాయి. తనూజ మైదుకూరు పోకుండా మెట్ల మీద కూర్చుంది. బూట్ లైనైతే దిద్దగలదు గానీ, ఇక్కడ దిద్దవలసిందేమిటో ఆమెకు తోచలేదు.

చీపురు పట్టుకుని జీవమ్మ వచ్చింది. “అదేందో పేరు అడుగుతాండాదంట గదా పాపా. నా పేరు పెట్టగూడదా?”

ఓబుళేశు నవ్వాడు. “నీకేం కాదా జీవమ్మా? రేపు తనిఖీకొస్తే నిన్నే అడుగుతారు.”

“అడగనీ సార్. పద్నాలుగేండ్లుగా ఊడ్చాండా. నా పేరు ఒక పుస్తకంలోనూ ల్యా. అడిగేవాళ్లన్నా వస్తే చెప్తా.”

ఓబుళేశు కాదనడానికి కాగితం ఏదైనా దొరుకుతుందేమోనని బల్ల మీద వెతికాడు. దొరకలేదు.

జీవమ్మకు చదువు రాదు. అయినా తనే నొక్కుతానంది. తనూజ వేలితో చూపిస్తుంటే ఒక్కో అక్షరం, వేడి పెనం తాకినట్టు, నొక్కి చెయ్యి తీసుకుంది. తర్వాత కంప్యూటర్ పాస్‌వర్డ్ అడిగింది. “ఇది నీకు తప్ప ఎవరికీ తెలియకూడదక్కా” అని తనూజ ముఖం తిప్పుకుంది. జీవమ్మ కొంగు అడ్డం పెట్టుకుని, తనకు గుర్తుండే నాలుగు బొత్తాలు నొక్కింది. కంప్యూటర్ లేచింది. ఆ సాయంత్రానికి నూట పన్నెండు టోకెన్లు వచ్చాయి. మొదటిది తిమ్మయ్య తీసుకుని, దాన్ని జీవమ్మకు చూపించి మరీ పోయాడు.

మర్నాటి నుంచి ఎర్రగుట్టపల్లె సంఘం పని జీవమ్మ వచ్చాకే మొదలవుతోంది. ఆమె వాకిలి ఊడ్చి, చేతులు కడుక్కుని, కొంగు అడ్డం పెట్టుకుని నాలుగు బొత్తాలు నొక్కేదాకా ఓబుళేశు గడప దగ్గరే నిలబడి ఉంటాడు. పది రోజుల తర్వాత వచ్చిన ప్రెసిడెంటు కూడా నిలబడ్డాడు. రైతులకు విత్తనం అందింది, పదును ఆరకముందే నేలలో పడింది.

ఒకరోజు సాయంత్రం అయిదింటికి ఓబుళేశు కంప్యూటర్ ఆపబోతే తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. ఎందుకైనా మంచిదని అతడు దాన్ని గట్టిగా చదివాడు.

“జీవమ్మను బయటికి పంపాలా? అవును, కాదు అని అడుగుతాండాది. ఏం నొక్కమంటావు?”

“అప్పుడే ఎందుకు సార్?” వెనక గదిలోంచి జీవమ్మ అంది. “ఈడ ఊడ్చాల్సిన కసువు ఇంగా శానా ఉండాది.”

ఓబుళేశు ‘కాదు’ నొక్కి కూర్చున్నాడు.