పడవ ముక్కు ఎవరివైపు

షాపు తాళం తీసే ముందు కళ్ళజోళ్ళాయన రోజూ రేవుకి వెళ్ళి పడవ చేత దణ్ణం పెట్టించుకుని వచ్చేవాడు. దణ్ణం అన్నది ఆయన మాట. ఆ ఏట్లో పడవలు ఖాళీగా ఉన్నప్పుడు యజమాని ఎటుంటే అటే ముక్కు తిప్పి నిలబడతాయి, గాలి ఎటు వీచినా సరే. అందుకే పొద్దున్నే రేవు చూస్తే పడవలన్నీ తలోవైపుకీ తిరిగి, పెళ్ళిలో అలిగిన చుట్టాల్లా ఉంటాయి. పేకాటరాయుడి పెళ్ళాం మొగుణ్ణి వెతుక్కోవాలంటే ముందు రేవుకే వచ్చి, పడవ ముక్కు చూసి, ఆ సందులోకి నేరుగా వెళ్ళిపోయేది.

"ఇంట్లో ఆవిడ మొహం తిప్పుకుంటుందేమో గానీ, నా పడవ తిప్పుకోదు" అని కళ్ళజోళ్ళాయన షాపుకొచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. అవతలివాడు ఒక కన్ను మూసుకుని గోడ మీది అక్షరాలు చదువుతూ దొరికిపోయి ఉంటాడు కాబట్టి, వినక తప్పేది కాదు.

ఆయన వెనకాలే తెడ్లు మోసుకుంటూ బావమరిది ఉండేవాడు. ఎప్పుడో నాలుగు రోజులుండి పోదామని అక్కగారింటికొచ్చాడు, ఆ నాలుగు రోజులూ ఇంకా పూర్తికాలేదు. బావ చొక్కా, బావ చెప్పులు, బావ గొడుగు. బావ షాపులో ఉంటే అద్దాలు తుడుస్తూ, బావ ఇంట్లో ఉంటే పక్కగదిలో, బావ రేవులో ఉంటే రెండడుగుల వెనకాల. పడవకి తారు పుయ్యడం, అడుగున చేరిన నీళ్ళు తోడడం, బాగుచేయించడానికి పక్క రేవుకి తీసుకెళ్ళడం అతని వంతు. ఆదివారం ఎండ తగ్గాక ఒకచుట్టు తిప్పుకురావడం కళ్ళజోళ్ళాయన వంతు.

ఇలా ఉండగా, ఏటి అవతలి బడికి టీచర్లని దాటించడానికి మనిషి కావాలని ప్రకటన పడింది. పడవ మాత్రం సొంత పేరున ఉండాలట. ఆ సంగతి తెలిసేసరికి గడువు దగ్గరపడింది.

"వాడికి నీ చొక్కాలిచ్చావు, చెప్పులిచ్చావు. పడవొక్కటీ ఎందుకు మిగలాలి?" అంది ఇంటావిడ.

"ఇవ్వనన్నానా? అది నా మీద బెంగపెట్టుకుంటుందేమోనని ఆలోచిస్తున్నాను."

"పెట్టుకోనీ. నేను చూసుకుంటాలే దాన్ని."

అలా బావా బావమరుదులిద్దరూ పడవల ఆఫీసుకెళ్ళారు. ఫొటోలు, ఇద్దరు సాక్షుల సంతకాలు, పడవ అడుగున చెక్కిన నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసిన అచ్చు. ఆ అచ్చు తీయడానికి పడవ కిందికి దూరింది బావమరిదే. అతని ముక్కుకంటిన పెన్సిల్ మసి ఇంకా పోలేదు.

ఆఫీసరమ్మ కాగితాలు తిరగేసింది. "బదిలీ అన్నమాట. పడవ చూపు కొత్తాయన మీదికి మళ్ళడానికి నెల గడువిస్తాం. నెల తరవాత వచ్చి చూసి, పేరు మారుస్తాం."

"దరఖాస్తుకి రేపే ఆఖరండీ" అన్నాడు బావమరిది, తప్పు తనదే అన్నట్టు.

"నేనేం చెయ్యను బాబూ, రూలు. ప్రస్తుతానికి ఎటు చూస్తోందో రాసుకోవాలి, పదండి."

రేవులో పడవ వాళ్ళిద్దరివైపే చూస్తూ ఉంది.

"చూశారా!" అన్నాడు కళ్ళజోళ్ళాయన గర్వంగా.

"ఇద్దరూ ఒక్కచోటే నిలబడితే నేనేమని రాసుకోను? మీరా చివరికి వెళ్ళండి. మీరు ఈ చివర ఉండండి."

"కొన్నప్పుడు కూడా ఇలాగే నిలబడ్డామండీ, రాసేసుకున్నారు."

"అప్పుడీయనెక్కడున్నాడు?"

"నా వెనకాల. గొడుగు పట్టుకుని."

ఆవిడ పెన్ను మూత తీసింది.

కళ్ళజోళ్ళాయన రేవు చివరున్న ఐసు గోదాం దాకా నడిచి వెనక్కి తిరిగాడు. పడవ వీపు కనిపించింది. దగ్గాడు. కండువా ఊపాడు. "ఇదిగో, ఇక్కడ!" అని కేకేశాడు. పడవ తాపీగా మెట్ల దగ్గరున్న బావమరిదినే చూస్తోంది.

"చోట్లు మార్చి చూడండి" అన్నాడు ఆఫీసరమ్మతో. మార్చారు. పడవ కూడా తిరిగింది. ఏ తొందరా లేకుండా, రోజూ చేసే పనే అన్నట్టు, మళ్ళీ బావమరిది వైపే.

"ఊరందరికీ చూపు సరిచేస్తావు గదా నాయనా, ఒక కన్ను మూసుకుని చూడు, నీవైపు కనిపిస్తుందేమో!" అంది చేపలమ్మి గంప దించుకుంటూ. రేవంతా నవ్వింది.

ఆఫీసరమ్మ మాత్రం నవ్వలేదు. "ఇందులో బదిలీ చెయ్యడానికేం లేదండీ. బదిలీ అంటే ఒకరిది ఇంకొకరికి ఇవ్వడం. ఇది మొదట్నుంచీ ఈయనదే. దీన్ని సవరణ అంటారు. సవరణకి గడువక్కర్లేదు, ఇవాళే చేసిచ్చేస్తాను. కాకపోతే ఈ పడవ ఏనాడూ నాది కాదని మీరు మీ చేత్తో రాసి సంతకం పెట్టాలి. అది ఆఫీసు గోడకి అంటిస్తాం. బదిలీయే కావాలంటే పాత యజమానిగా మీ పేరు అలాగే ఉంటుంది, నెల ఆగాలి. మీ ఇష్టం."

కళ్ళజోళ్ళాయన మెట్ల పక్క గోడకి ఆనుకున్నాడు. ఇన్నేళ్ళ దణ్ణాలూ ఆయన కళ్ళముందు వరసగా లేచి, ఆయన భుజం మీంచి వెనక్కి చూశాయి.

"వద్దులే బావా" అన్నాడు బావమరిది దగ్గరికొచ్చి. "నీ పేరే ఉండనీ. ఈ ఉద్యోగం కాకపోతే ఇంకోటి. నాకు తెడ్లు మొయ్యడం అలవాటేగా."

ఆ మాట నిజం. అందుకే గుచ్చుకుంది. ఆ భుజం మీద తెడ్ల కాయలు కాసిన చోట, తన పాత చొక్కాయే చిరిగి ఉండటం కళ్ళజోళ్ళాయన అప్పుడే చూశాడు.

"నోర్ముయ్యరా" అన్నాడు. "మేడమ్, ఏమని రాయమంటారో చెప్పండి."

ఆవిడ చెప్పింది, ఆయన రాశాడు. 'ఏనాడూ' దగ్గర కాస్త ఆగి, అక్షరాలు ఎంత చూపు మందగించినవాడైనా చదవగలిగేంత పెద్దవిగా రాసి, సంతకం పెట్టాడు. తరవాత బావమరిది సంతకం పెట్టి, అలవాటు కొద్దీ పెన్ను జేబులో పెట్టుకోబోయాడు.

"ఒరేయ్! పడవే నీది. పెన్ను నాది."

మర్నాడు దరఖాస్తు అందింది, ఉద్యోగమూ వచ్చింది. షాపులో ఎవరైనా ఆఫీసు గోడ మీది కాగితం సంగతెత్తితే, "పడవకి చూపు బాగానే ఉంది, ఇబ్బందల్లా నాకే" అనేవాడు కళ్ళజోళ్ళాయన, వాళ్ళకంటే ముందు తనే నవ్వుతూ.

మొదటి రోజు టీచర్లు ఎక్కి కూర్చున్నాక బావమరిది గట్టు మీదికి చెయ్యి చాచాడు. "ఎక్కు బావా."

"షాపు తియ్యాలిరా."

"తీద్దువుగానిలే. ఎక్కు."

ఆయన ఎక్కి టీచర్ల పక్కన, జనం కూర్చునే బల్ల మీద సర్దుకున్నాడు. తెడ్లు లాగేవాడు వెళ్ళే వైపుకి వీపు పెట్టి కూర్చోవాలి. కాబట్టి ఇన్నేళ్ళలోనూ ఆయన చూసిందల్లా తను వదిలొచ్చిన గట్టు చిన్నదైపోవడమే. ఇప్పుడు నీళ్ళ మీద ఎండ రెండుగా చీలుతూ ఉంటే, అవతలి గట్టు, దాని మీది బడి, బడి ముందు చేతులూపుతున్న పిల్లలూ కొంచెం కొంచెంగా పెద్దవవుతూ ఎదురొస్తున్నారు.

"ఒరేయ్, ఇది ఇలా మన దగ్గరికొస్తుందేంట్రా!"

"ఇక రోజూ వస్తుంది బావా" అన్నాడు బావమరిది తెడ్లు లాగుతూ. "చెయ్యి లోపలికి పెట్టుకో, గట్టు తగులుతుంది."