గెంతుడు బండికి నీళ్ళు

దానికి గెంతుడు బండి అని పేరు పెట్టింది ఆవిరక్కే. చంద్రుడి మీద దిగాలి, కాళ్ళకింది మట్టిని తవ్వుకోవాలి, దాన్ని తన పొయ్యిలోనే వేడిచేసి నీళ్ళు రాబట్టాలి. ఆ నీళ్ళనే ఆవిరిగా చిమ్ముతూ ఒక గుంటలోంచి ఇంకో గుంటలోకి గెంతాలి. ఇక్కణ్ణుంచి ఇంధనం మోసుకెళ్ళే బాధే ఉండదు. సర్వీసంతా ఆ ఆవిరి ఇంజను చుట్టూనే తిరిగింది కాబట్టి పరిశోధనశాలలో ఆవిడ అందరికీ ఆవిరక్క. అసలు పేరు జీతాలిచ్చేవాళ్ళకి తెలిస్తే చాలు.

ఈసారి వెళ్ళే నౌకలో ఒక్క బండికే చోటుంది. అది తన బండికి దక్కాలని ఆవిరక్క ఆరాటం. ఆ తర్వాతి నౌక బయల్దేరే నాటికి ఆవిడ రిటైరై ఇంట్లో కూర్చుంటుంది మరి.

దక్కినట్టే అనుకున్నారు అందరూ. ఎందుకనుకోరు? చంద్రుడి మట్టిని పోలిన బూడిదరంగు పొడిలో కొలిచి నీళ్ళు కలిపి, గడ్డకట్టించి పొయ్యిలో పెడితే, కలిపినదానికంటే ఎక్కువ నీళ్ళు తిరిగొచ్చేవి! రాతి నలుసుల్లో దాక్కున్న తేమను కూడా మన పొయ్యి పిండేస్తోందని కెమిస్టు కాలరెగరేశాడు. పొయ్యి అతని సృష్టి. ఆవిరక్క అతన్ని నోరారా తమ్ముడూ అని పిలుస్తుంది. ఇద్దరూ సభలకెళ్ళి ఆ మాటే చెప్పి చప్పట్లు కొట్టించుకొచ్చారు.

పొయ్యి ఉండబట్టి, ఈ పరీక్షలు చేసే మట్టిగది ఎప్పుడూ వెచ్చగా ఉండేది. ఇంకేముంది, అందరూ అక్కడే చేరేవారు. కెటిల్ అక్కడే, కప్పులు అక్కడే, లోకం మీద కబుర్లన్నీ అక్కడే. ఆ బూడిదరంగు పొడి పోసి ఉంచిన మట్టితొట్టికి మూత వేసే ఓపిక ఎవరికీ లేదు.

సెలవులకి గది మూసేసి, గాలిలో తేమ లాగే యంత్రాన్ని నడవనిచ్చి వెళ్ళారు. తిరిగొచ్చాక ఆవిరక్క అందరికంటే ముందు వచ్చి పరీక్ష పెట్టింది. ఇంజను తుస్సుమంది. కలిపిన నీళ్ళే సరిగ్గా వచ్చాయి, చుక్క ఎక్కువ లేదు. మళ్ళీ జనం చేరారు, కెటిల్ పొద్దస్తమానం మరిగింది. వారం తిరక్కుండా ఇంజను ఎప్పటిలా గర్జించింది. ఆవిరక్క కెటిల్ వంక చూసింది. దాని ముక్కులోంచి ఆవిరి తీరుబడిగా మట్టితొట్టి మీదికి పోతోంది.

"కొంప మునిగింది తమ్ముడూ. ఇవి చంద్రుడి నీళ్ళు కావు, మన టీనీళ్ళు."

కెమిస్టు వెళ్ళి కెటిల్ ఆపేశాడు. "పప్పులో కాలేశామక్కా," అన్నాడు. అంతలోనే గొంతు తగ్గించి, "రేపు బండిని ఎంచే కమిటీ వాళ్ళొచ్చేముందు ఇంకో రెండు కెటిళ్ళు మరిగిద్దామా?" అన్నాడు. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం ఆవిరక్క భర్తకి సంగతంతా చెప్పింది. ఆయన లెక్కల మాస్టారు. కూరగాయలు తరుగుతూ విన్నాడు.

"చెప్పకపోతే ఏమవుతుంది?"

"నీళ్ళు చాలక బండి సగం దూరం గెంతి కూలబడుతుందండీ."

"అప్పటికి నువ్వు ఇంట్లో ఉంటావుగా. నిన్నెవరడుగుతారు?"

"నన్నడగరు. తమ్ముణ్ణడుగుతారు."

మాస్టారు కత్తి పక్కన పెట్టాడు. "నీకెంత ఆశో నాకు తెలుసే," అన్నాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుని మిగిలిన ముక్కలు తరిగింది.

మర్నాడు కమిటీ ముందు ఆవిరక్క అంతా విప్పి చెప్పేసింది. అదే చోటు కోసం తమ తవ్వే బండితో పోటీకొచ్చిన డ్రిల్లు విభాగం పెద్దకి ముందు సంతోషమేసింది. కానీ ఆయన మనుషులు కూడా మట్టి పట్టుకెళ్ళేది ఆ తొట్టిలోంచే. ఆ ముక్క తలకెక్కగానే ఆయన మొహం మాడిపోయింది.

"మీ పని చెడగొట్టుకున్నారు సరే, మా పనీ చెడగొట్టారు కదమ్మా!"

"అక్కడి మట్టి మన కోసం మారదు కదండీ. ఎవరు తవ్వినా అదే మట్టి," అంది ఆవిరక్క.

కమిటీ పెద్దాయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. ఎండబెట్టిన మట్టితో అందరూ పరీక్షలన్నీ మొదటినుంచీ చెయ్యాలన్నాడు. ఈ నౌకకి అంత వ్యవధి లేదు, ఏ బండీ వెళ్ళదు. తర్వాతి నౌకకి పేరు రాసుకుంటానంటూ కలం తీశాడు. "మీ బండికి బాధ్యులు ఎవరమ్మా?"

ఆవిరక్క పక్కనున్న కెమిస్టుని చూపించింది. "మా తమ్ముడి పేరు రాయండి. పొయ్యి పెద్దది చేసి ఎక్కువ మట్టి వేడిచేస్తే గెంతుతుంది. అది ఎలాగో నేను నేర్పి వెళ్తాను."

బయటికొచ్చాక కెమిస్టు వరండాలో గోడకానుకుని నిలబడిపోయాడు. అతనికి ఏడుపు ఆగడంలేదు.

"అది మీ బండి అక్కా. మీరు లేకుండా ఎలా ఎగరేస్తాను?"

"ఎగరేస్తావు. ఆవేళ నాకు ఫోన్ చెయ్యి, వస్తాను," అంది ఆవిరక్క అతని భుజం మీద చెయ్యేసి. "అప్పటికి నా దగ్గర పాసుండదు, గేటు దగ్గర ఆపేస్తారు. నువ్వే బయటికొచ్చి నన్ను లోపలికి తీసుకెళ్ళాలి."