ముప్పైఒకటో మాట

ఇశ్రాయేలు ఇంటి వసారాలో పలక చూడందే తర్లుపాడులో ఆ వీధికి తెల్లారదు. మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు చేసి, పని మానేసిన రోజున ఆయన నెత్తిన పెట్టుకొని తెచ్చుకున్న పెద్ద పలక అది. ఎవరైనా రాయొచ్చు, ఎవరూ తుడవకూడదు. కాలం చెల్లిన మాట దానంతటదే పొడై రాలిపోతుంది. పక్కింటి పిచ్చయ్య రోజూ బస్సు టైము రాసుకుంటాడు. రాత రాలిందంటే బస్సు రానట్టే, పోయి ఆటో ఎక్కుతాడు.

ఆ బుధవారం పిచ్చయ్యకు పలక మీద జాగా దొరకలేదు.

"ఏంది పాపా, అంత కంప్యూటరు పెట్టుకోని పలక మీద దిద్దుకుంటాండావా?"

"మూలకు రాసుకో మామా. నాకు ముప్పైఒక్క మాటలుండాయి," అన్నది ఎస్తేరు, బలపం అరగదీస్తూ.

ఎస్తేరు ఇశ్రాయేలు కూతురు. ఇంట్లో కూర్చునే ఒక కంపెనీకి పని చేస్తుంది. ప్రోగ్రాములు రాసేవాళ్ల నిన్నటి రాత, మొన్నటి రాత పోకుండా దాచిపెట్టే టూలు వాళ్లది. వాడేవాళ్లకు అది తెర మీద ఏవేవో చెప్తుంటుంది. 'ఈ కమాండు త్వరలో తీసేస్తాం' అంటుంది. తీసేసి ఆరేళ్లయింది! అట్లాంటి పాత మాటలన్నీ ఏరి పారెయ్యమని, ఎస్తేరు పనిని చూసే పై ఆఫీసరు ఆనంద్ సారు ముప్పైఒక్క మాటల లిస్టు పంపినాడు. ఆమెది ఆర్నెల్ల టెంపరరీ ఉద్యోగం, ఈ శుక్రవారంతో సరి. పని నచ్చితే పర్మనెంటు, లేకుంటే ఇంటికే.

మధ్యాహ్నానికి ముప్పై మాటలు రాలిపోయినాయి. ఎస్తేరు వాటిని టూల్లోంచి తీసేసింది. ఒక్కటి మాత్రం గోరుతో గీకినా కదల్లేదు: 'ఇది పాత రకం ఫైలు. మార్చేముందు కాపీ తీసుకోండి.'

ఫోన్ చేసింది. "సార్, ముప్పైఒకటోది తియ్యను. దానికింకా పనుంది."

"ఆ రకం ఫైళ్లు ఎవరూ వాడటం లేదమ్మా. శుక్రవారం నీ సంగతి తేలాల, గుర్తుందా?"

"గుర్తుంది సార్. అయినా తియ్యను."

ఫోన్ పెట్టేసినాక ఇశ్రాయేలు అడిగినాడు: "ఉద్యోగం పోతే?"

"నీ పలక ఎప్పుడన్నా తప్పు చెప్పిందా నాయనా?"

"అదెందుకు చెప్తాది!" అని ఆయన సంకటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

గురువారం సాయంత్రం ఆనంద్ సారే ఫోన్ చేసినాడు. ఎక్కడో ఒక ఆఫీసులో మూడేళ్ల పని పాత రకం ఫైళ్లలోనే ఉందంట. కొత్త రకంలోకి మార్చబోతే ఆ ముప్పైఒకటో మాట తెర మీద పడింది, కాపీ తీసుకున్నారు. మార్చడం మధ్యలో అసలు ఫైళ్లు పాడైనా, కాపీతో పని దక్కింది. "పైవాళ్లతో మాట్లాడతా," అని పెట్టేసినాడు.

శుక్రవారం పొద్దున పిచ్చయ్య బస్సు టైము రాయబోయి ఆగినాడు. పలక నెత్తిన, ఆర్నెల్ల కింద ఇశ్రాయేలు మురిపెంగా రాసుకున్న వరస ఒకటుంది: 'మా ఎస్తేరుకు టెంపరరీ ఉద్యోగం.' ఇప్పుడందులో 'టెంపరరీ' లేదు. కింద గచ్చు మీద చిటికెడు తెల్లపొడి పడి ఉంది.

"బావా, చీపురు తే," అని కేకేసినాడు పిచ్చయ్య.

లోపల ఫోన్ మోగుతోంది. ఎస్తేరు తీరిగ్గా జడ ముగించుకొని లేచింది.