మిద్దె మీద తక్కాళి నారు

"నీళ్ళు నేను పోస్తాలే భువనా, నువ్వు పోయి కుక్కర్ పెట్టు," అన్నాడు గుణశేఖర్ ఫోన్లోంచి తలెత్తకుండా. అతని భార్య భువనేశ్వరి ఖాళీ మగ్గు పట్టుకుని మిద్దె మెట్ల మీద ఆగిపోయింది. ఆ పొద్దున్నే ఆమెకు నెలసరి వచ్చింది. అది పసిగట్టి అత్త అమ్మాయమ్మ హాల్లోంచే కేకేసింది. "యాడికి పోతావు? ఈ మూడు దినాలు చెట్ల జోలికి పోబాక. నీ నీడ పడినా వాడిపోతాయి."

పెళ్ళయిన కొత్తలో ఈ మూడు రోజులూ వంటింటి గడప కూడా తొక్కనిచ్చేది కాదు అమ్మాయమ్మ. వెనక వరండాలో చాప, విడిగా కంచం, చెంబు. అవమానంగానే ఉండేది గానీ, నిజం చెప్పాలంటే నడుం వాల్చే తీరిక కూడా అప్పుడే దొరికేది. అత్తకు మోకాళ్ళు అరిగాక వంటింటి మైల దానంతటదే పోయింది. "కాలం మారిపోయె. గ్యాస్ పొయ్యికి ఏం మైల?" అంది పెద్దమనసు చేసుకుని. ఏ ఎండకా గొడుగు పట్టే మైల మరి. అన్నం వార్చొచ్చు, పులుసు కలపొచ్చు, అందరి డబ్బాలూ కట్టి సేదరపేట్ ఫ్యాక్టరీకి బస్సెక్కొచ్చు. మొక్కకు మాత్రం చుక్క నీళ్ళు పొయ్యకూడదు.

ఆ తక్కాళి నారు మామూలు టమాటా కాదు. కోడిగుడ్డులా కోలగా కాసే రకం, గుజ్జెక్కువ, గింజ తక్కువ. పుదుచ్చేరిలో మే నెల కత్తిరి ఎండలకు అది నిలవదన్నారు అందరూ. ఎండ తగ్గేదాకా నారును నీడలో కాపాడుకుంటే ఆపైన అదే కాస్తుందనుకుంది భువనేశ్వరి. టీ కప్పుల్లో గింజలు వేసింది. మొలిచాక కొబ్బరిపీచు కలిపిన మట్టిలోకి మార్చింది. పాత చీర మడతపెట్టి పందిరి కట్టింది. గోడకు గోడ ఆనుకున్న ఆ ఒర్లియంపేట సందులో ఆమెకు దొరికిన ఆకాశం ఆ కాస్త మిద్దే. ఎవరూ అడగకుండా, ఎవరి ఆకలి కోసమూ కాకుండా, ఆమె చేసుకున్న పని ఈ నారు ఒక్కటే. ఆకు నలిపి వేళ్ళు వాసన చూసుకుంటే ఆ ఇంట్లో తనూ ఒక మనిషేనని అనిపించేది.

గుణశేఖర్ ఆ రోజు మర్చిపోయాడు. మర్నాడు ఆదివారం, కోడిపులుసుతో భోంచేసి తేన్చాక గుర్తొచ్చి పైకెళ్ళాడు. మిట్టమధ్యాహ్నం దాకా ఎండలో పడున్న రబ్బరు పైపు, అందులో నిలవున్న నీళ్ళు. ఒంటి మీద పడితే మనిషే ఎగిరి గంతేసే ఆ నీళ్ళను లేత వేళ్ళ మీద ధారగా పోసి వచ్చి పడుకున్నాడు. కింద భువనేశ్వరి అంట్లు తోముతూ, పాపం, సంతోషపడింది కూడా.

నాలుగో రోజు తలస్నానం చేసి ఆమె మిద్దెక్కేసరికి నారంతా ఉడికిన తోటకూరలా పడుంది. ట్యాంకు చాటున ఉన్న ఒక్క మొక్క మిగిలింది, అక్కడిదాకా పైపు అందలేదు గనక.

"పోసినాను గదా, ఇంకేం చెయ్యమంటావు? బజార్లో తక్కాళి దొరకదా ఏంది?" అన్నాడు గుణశేఖర్.

"నువ్వే ఎక్కి తొంగి చూసుంటావు," అంది అమ్మాయమ్మ.

ఈ మూడు రోజులూ నా చేతి అన్నం తిని మీరెవరూ వాడిపోలేదే అత్తా, అని అడగాలనుకుంది. అడిగితే రాత్రంతా ఇల్లు మొహం మాడ్చుకుంటుంది, ఆ మాడు మళ్ళీ తనే గీకాలి. బియ్యం కడిగి కుక్కర్ పెట్టింది.

ఆ ఒక్క మొక్కే ఇక ఆమె లోకం. ఎండలు తగ్గాయి. పూత నిలిచింది. ఆకుల మధ్య వేలంత కాయ కోలగా వేలాడింది. దాన్ని చూడ్డానికి రోజూ బస్సు దిగి చెప్పులతోనే పైకి పరిగెత్తేది.

ఒక సాయంత్రం ఆమె ఎక్కేసరికి కూతురు అనుప్రియ మగ్గుతో మొక్క మీదికి వంగుతోంది. ఆ పిల్ల పెద్దమనిషై ఇంకా ఏడాది కాలేదు. పొద్దున ఆ పిల్లకు ప్యాడ్ తీసిచ్చింది భువనేశ్వరే.

"అలిసిపోయొచ్చినావు గదమ్మా, నేను పోస్తాను," అంది అనుప్రియ నవ్వుతూ.

"ఆగు. ఈ పొద్దు నువ్వు తాకబాక."

అన్నది తనేనని భువనేశ్వరికి ఒక క్షణం తర్వాత గానీ తెలియలేదు.

"అవ్వ చెప్పేదంతా అబద్ధమని నువ్వే అంటివి గదమ్మా?"

"అబద్ధమే. నాకు తెలుసు. కానీ ఒక్కటే మిగిలుండాది పాపా."

అనుప్రియ మగ్గు మెట్టు మీద పెట్టింది. సాయంత్రపు ఎండకు నీడలు పొడుగ్గా సాగి ఉన్నాయి. తన నీడ మొక్క మీద పడకుండా గోడవైపు ఒదిగి, మెల్లగా దిగి వెళ్ళిపోయింది.